రిఫండ్ ఖైరాత్ కాదు భాయ్, మన కష్టార్జితమే

విశాఖ ఆటోనగర్‌లో వెల్డింగ్, లేత్, లారీ బాడీ షెడ్లు నడిపే మనవాళ్లను టీడీఎస్ రిఫండ్ గురించి అడిగితే, 'సర్కారు ముందు చేయి చాచడం ఎందుకు భాయ్?' అనే మాట చాలాసార్లు వినిపిస్తుంది. ఆ పట్టింపు మంచిదే. కానీ ఈ సొమ్ము సర్కారుది కాదు, మనదే.

లెక్క చూడండి. ఒక కంపెనీకి ఏడాదిలో 5 లక్షల రూపాయల జాబ్ వర్క్ చేశారనుకుందాం. బిల్లులో 1 శాతం, అంటే 5,000 రూపాయలు కోసి కంపెనీ మీ పాన్ నంబరు మీద కడుతుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. ఖర్చులు పోను మిగిలిన ఆదాయానికి పన్ను పడకపోతే ఆ 5,000 మొత్తం మీకే రావాలి. అయితే దానంతటదే రాదు, గడువులోగా రిటర్న్ వేయాలి. పది లారీలు దాటని ఓనర్లు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కిరాయి బిల్లులో అసలు కోతే ఉండదు.

స్టీల్ ప్లాంట్, పోర్టు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్ల పీఎఫ్ కూడా ఇలాంటిదే. జీతంలో 12 శాతం మీది, మరో 12 శాతం యజమానిది. యజమాని వాటాలోంచే 8.33 శాతం పెన్షన్ ఖాతాకు వెళ్తుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పెన్షన్ డబ్బుతో సహా అంతా తీసేసుకుంటే సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలు. అదే యూఏఎన్ కింద బదిలీ చేసుకుంటూ పోతే, పదేళ్ల సర్వీసు నిండినవారికి 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది.

కాబట్టి ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పాన్ మీద ఎంత జమైందో ఒకసారి చూసుకోండి. మన సొమ్ము మనం అడగడంలో సిగ్గేముంది? వదిలేస్తే నష్టం మన ఇంటికే.