తుపాను నాటికి పనికివచ్చే బ్యాటరీ

సముద్రపు గాలి సోకే ఊళ్ళలో తరతరాలుగా కాపురమున్న మనవారికి తుపాను కొత్త కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం పడిన పాట్లు గంజాం జిల్లా తెలుగువారు ఎరుగుదురు. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కుదిపివేసింది. రెండు చోట్లా స్తంభాలు కూలి కరెంటు పోయింది. ఫోన్లు చాలామట్టుకు మూగవోయినవి. అటువంటి వేళ పోలీసువారికి, ఫైరింజను వారికి, సహాయ బృందాలకు మాట అందించేది చేతిలోని వాకీటాకీ. దాని ప్రాణమంతా బ్యాటరీలో ఉన్నది.

ఈ బ్యాటరీల కొనుగోలు చాలాచోట్ల మావంటి గుమాస్తాలు తయారుచేసే ఫైలుతో మొదలవుతుంది. మూడు కొటేషన్లు వస్తాయి. తక్కువ ధరకు ఆర్డరు పోతుంది. ప్రజల సొమ్ము పొదుపుగా వాడవలసిందే. కాని ధర చూడకముందు అడగవలసినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, ఏ జాతి బ్యాటరీ అన్నది. నికెల్-కాడ్మియం పాతకాపు, మొరటు వాడకానికి ఓర్చుకుంటుంది. కాని బరువెక్కువ, కాడ్మియం విషం. నికెల్-మెటల్ హైడ్రైడ్‌లో విషం తక్కువ, నిలువ ఎక్కువ. అయితే ఊరక పెట్టినా చార్జి త్వరగా కారిపోతుంది. లిథియం-అయాన్ తేలిక, ఒక్కొక్క సెల్లు 3.6 వోల్టులిస్తుంది. నికెల్ సెల్లు ఇచ్చేది 1.2 మాత్రమే. అనగా ఆరు నికెల్ సెల్లుల పని రెండు లిథియం సెల్లులు చేస్తాయి. నేడు ఎక్కువమంది కొనేది ఇదే. జాతి మార్చితే చార్జరు కూడా దానికి తగినదై ఉండాలి.

రెండవది, ఎన్ని గంటలు వస్తుందన్నది. కంపెనీవారు చెప్పే గంటలకు సాధారణంగా ఒక లెక్క ఉంటుంది: నూటికి 5 వంతులు మాట్లాడటం, 5 వంతులు వినడం, 90 వంతులు ఊరక ఉండటం. ఒక వాకీటాకీ మాట్లాడేటప్పుడు 1500, వినేటప్పుడు 300, ఊరక ఉన్నప్పుడు 70 మిల్లీఆంపియర్లు వాడుతుందనుకుందాం. ఆ లెక్కన 8 గంటల డ్యూటీకి 1224 మిల్లీఆంపియర్-గంటలు చాలు. 1500 బ్యాటరీ నిబ్బరంగా సరిపోతుంది.

మరి తుపాను నాడో? మాటకు 20 వంతులు, వినికిడికి 20 వంతులు వేసుకోండి. అదే 8 గంటలకు 3216 కావాలి! రెండున్నర రెట్లకు పైమాటే. శాంతి దినాల లెక్కతో కొన్న బ్యాటరీ, వరద నీటిలో మనిషిని వెదికే వేళ సగంలోనే చేతులెత్తివేస్తుంది. కాబట్టి పెద్ద బ్యాటరీ అయినా కొనాలి, లేదా సెట్టుకొక అదనపు బ్యాటరీ అయినా ఉంచాలి. కరెంటు రోజుల తరబడి రాకపోతే చార్జరు నడిపేందుకు జనరేటరుండాలి.

మూడవది వయస్సు. బ్యాటరీ నిలువ మొదటిదానిలో నూటికి 80 వంతులకు దిగినప్పుడు మార్చివేయడం మంచిదని వాడుక. పై 1500 బ్యాటరీ అప్పటికి 1200కు వస్తుంది. మామూలు రోజుకు కావలసిన 1224 కూడా ఇవ్వలేదు. కనుక ప్రతి బ్యాటరీ మీద కొన్న తేదీ వ్రాసి అంటించి, ఏటేటా పరీక్ష చేయించాలి. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎండలో నిలిపిన జీపులో వదలరాదు.

నాలుగవది రక్షణ. ఐపీ 67 గుర్తున్నది మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకొనేలా పరీక్షించినది. గ్యాసు, పెట్రోలు ఆవిరి ఉండే చోట సెట్టుకే గాక బ్యాటరీకి కూడా నిప్పురవ్వ పుట్టనివ్వని రకమన్న సర్టిఫికెట్టు ఉండాలి. చవకగా దొరికే నకిలీ బ్యాటరీకి ఆ భరోసా లేదు.

మనలో ఆఫీసుల్లో పనిచేసేవారున్నారు, పురపాలక సంఘాలలో సభ్యులున్నారు, సహాయ బృందాలలో తిరిగే యువకులున్నారు. ఈసారి మీ బల్ల మీదికి బ్యాటరీల కాగితం వచ్చినప్పుడు, ధర కింద సంతకం పెట్టేముందు, "తుపాను నాడు ఎన్ని గంటలు?" అని ఒక్కమాట వ్రాసి అడగండి.