నవదంపతులకు సముద్రతీరపు విడిది

వివాహమైన క్రొత్తలో నాలుగు దినములు సముద్రతీరమున గడపవలెనను కోరిక నేడు మన గృహములలో సర్వసామాన్యమైనది. మన పెద్దల కాలమున మూడు నిద్రలు, పదునారు దినముల పండుగ, సత్యనారాయణ వ్రతము, ఇవియే క్రొత్త జంటకు ప్రయాణములు. ఇప్పుడు వాటితోపాటు విహారయాత్రయు చేరినది. ఇందులో ఆక్షేపింపదగిన దేమియు లేదు. బంధువుల సందడిలో పట్టుమని పది మాటలైన ఆడుకొనుటకు వీలు చిక్కని ఇద్దరికి కొంత ఏకాంతము అవసరమే. ఆ ఏకాంతమును ఎచ్చట వెదకవలెనన్నదే ప్రశ్న. పెండ్లిపందిరిని గురించియు, విందును గురించియు నెలల తరబడి ఆలోచించు మనము, ఈ నాలుగు దినముల విడిదిని మాత్రము ఒక చక్కని ఛాయాచిత్రమును చూచి నిర్ణయించుచున్నాము. ఛాయాచిత్రములో ఆదివారపు జనసమ్మర్దము కనబడదు, ఉక్కపోత తెలియదు, ఒడ్డుననే పొంచియుండి మనిషిని లోపలికి ఈడ్చుకొనిపోవు ప్రవాహము అసలే కనబడదు.

మేము మొదట చెప్పదలచిన మాట ఒక్కటే. ప్రశాంతత వేరు, నిర్జనత వేరు. మనుష్యసంచారమే లేని ఇసుకదిబ్బ ప్రశాంతమైన చోటని భ్రమపడరాదు. అచ్చట కేక వేసినను పలుకువారుండరు. చీకటిపడిన తరువాత త్రోవ చూపువారుండరు. జ్వరము వచ్చినచో వైద్యుడు దొరకడు. నిజమైన ప్రశాంతత చిన్న ఊరిలో ఉన్నది. తెల్లవారకముందే లేచి వేటకు పోవు బెస్తవారు, వీధి చివర ఒక ఇడ్లీల దుకాణము, సాయంకాలము గుడిగంట, గంటలోపల చేరుకొనదగిన పెద్ద ఆసుపత్రి, ఇవి ఉన్న ఊరే క్రొత్త దంపతులకు తగిన విడిది. అట్టి ఊరిలో ఎవరి పని వారిది. వచ్చినవారిని గుమిగూడి చూచువారుండరు, అవసరమైనప్పుడు ఆదుకొనువారుందురు.

స్థలమునకు ముందు కాలమును నిర్ణయించుకొనవలెను. మనకు పెండ్లిండ్లు ముహూర్తములనుబట్టి జరుగును. సముద్రము ఋతువులనుబట్టి నడచును. ఈ రెండింటిని కలిపి చూచినచో, మాఘ ఫాల్గునములలో వివాహమైనవారు అదృష్టవంతులు. ఫిబ్రవరి, మార్చి నెలలలో బంగాళాఖాతము సాధారణముగ శాంతముగ నుండును, ఎండ ఇంకను ముదురదు. వైశాఖ జ్యేష్ఠములలో పగటి యెండ తీవ్రము. తీరమున గాలి వీచినను గాలిలోని తేమచే చెమట ఆరదు. పైగా తూర్పుతీరమున ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధము. చేపల పులుసుపై ఆశతో వెళ్లువారు ఈ సంగతి ముందే తెలిసికొనుట మంచిది. ఆషాఢమున క్రొత్తకోడలు పుట్టింట ఉండుట మన ఆచారము. అప్పుడు నైరృతి ఋతుపవనములకు సముద్రమును కల్లోలముగనే యుండును గనుక, ఈ విషయమున ఆచారమునకు, సముద్రమునకు పొత్తు కుదిరినదనియే చెప్పవలెను.

కార్తికమాసపు పెండ్లిండ్లవారు మాత్రము జాగ్రత్త వహింపవలెను. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరమునకు తుపానుల కాలము. దివిసీమను ముంచివేసిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరము దాటినది. ఆ మాసములలో ప్రయాణము పెట్టుకొనువారు డబ్బు తిరిగి యిచ్చు పద్ధతిపైననే గదిని కుదుర్చుకొని, బయలుదేరుటకు ముందు వాతావరణశాఖ సూచనలను వినవలెను. అల్పపీడనమనగానే భయపడనక్కరలేదు, వాయుగుండమన్నచో మాత్రము ప్రయాణము మానుకొనుటయే వివేకము.

ఇక స్థలములు. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు మన తీరము సుమారు వేయి కిలోమీటర్లున్నది. అందు ప్రతి చోటికిని ఒక స్వభావమున్నది. వంశధార సముద్రమున కలియు కళింగపట్నము చూడ ముచ్చటైనది. అంతర్వేది పుణ్యక్షేత్రము, మాఘమాసమున లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు వేలాది జనము వత్తురు గనుక అప్పుడచ్చట దర్శనము దొరకును గాని ఏకాంతము దొరకదు. బందరు చెంత మంగినపూడి, బాపట్ల చెంత సూర్యలంక, నెల్లూరు చెంత మైపాడు ఒక పూట గడపి వచ్చుటకు అనువైనవి. సెలవుదినములలో చుట్టుప్రక్కల పట్టణముల జనమంతయు అచ్చటనే యుండును. కాకినాడ దగ్గరి ఉప్పాడ చీరలకు పేరుపడినది. కాని అచ్చట సముద్రము ఏటేట ఒడ్డును కోయుచున్నది.

వీటన్నింటిలో మేము నాలుగు దినముల విడిదికి ఉదాహరణముగ చూపదలచినది భీమునిపట్నము, మన వాడుకలో భీమిలి. ఇది విశాఖపట్టణమునకు ఉత్తరమున సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున, గోస్తనీనది సముద్రమున కలియుచోట నున్నది. పెద్ద నగరము, రైలు, విమానము, ఆసుపత్రులు గంట ప్రయాణములో ఉండియు, వాటి రొద ఇచ్చటికి వినరాదు. పదునేడవ శతాబ్దిలో డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. నాటి డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన ఊరిది. ఓడలు వచ్చు కాలము గతించినది. ఓడరేవు పోయిన ఊరికి సహజముగ కలుగు నిదానము మాత్రము మిగిలినది. మనకు కావలసినది ఆ నిదానమే.

చూడవలసిన వానికిని కొదువ లేదు. ఊరినానుకొనియున్న పావురాలకొండపై బౌద్ధుల కట్టడముల అవశేషములున్నవి. విశాఖ నుండి వచ్చు దారిలో తొట్లకొండ యున్నది. బౌద్ధభిక్షువులు నీటికొరకు రాతిలో తొలిపించుకొన్న తొట్లవలననే దానికా పేరు వచ్చినది. ఆ దారిలోనే ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. వేలాది సంవత్సరములుగా గాలి, నీరు, ఇసుక కలిసి నిర్మించిన ఆ దిబ్బలకు ఇనుపధాతువువలన ఎఱుపు వచ్చినది. అవి చేతితో గీచినను రాలునంత మెత్తనివి గనుక వాటిపై పేర్లు చెక్కుట మహాపరాధము. దినమునకొక చోటు చూచుట చాలును. అన్నియు ఒక్కనాడే చూడబూనినచో అది విహారము కాదు, తిరుగుడు మాత్రమే. పెద్దలు మ్రొక్కుకొని యున్నచో సింహాచల దర్శనమును వచ్చునప్పుడో పోవునప్పుడో చేసికొనవచ్చును.

భీమిలియందును ఆదివారము, కార్తిక వనభోజనముల దినములు సందడిగ నుండును. కావున సోమవారము చేరి శుక్రవారము మరలునట్లు ఏర్పాటు చేసికొనుట మేలు. వీలున్నచో ఆ నడుమ పౌర్ణమి పడునట్లు పంచాంగము చూచుకొనుడు. మన తీరము తూర్పుముఖముగ నున్నది. అందుచే పౌర్ణమినాడు పడమట సూర్యుడు దిగుచుండగనే తూర్పున సముద్రగర్భమునుండి చంద్రుడు పైకి వచ్చును. తరువాతి రాత్రులలో చంద్రోదయము దినమునకు సుమారు యాబది నిమిషములు ఆలస్యమగును. ఖర్చు లేని ఈ వేడుకకు సాటియైనది వేరొకటి లేదు. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువగ నుండును గనుక నీటి అంచునకు కొంత దూరముగ కూర్చుండవలెను.

గది విషయమున ఒక చిన్న శాస్త్రమును గుర్తుంచుకొనవలెను. పగలు నేల త్వరగా వేడెక్కును, నీరు నిదానముగ వేడెక్కును. కనుక గాలి సముద్రము నుండి నేలపైకి వీచును. రాత్రి నేల త్వరగా చల్లారుటచే గాలి నేల నుండి సముద్రము వైపునకు మరలును. కావున తూర్పునకు మాత్రమే కిటికీ గల గదిలో పగలు హాయిగ నుండి రాత్రి ఉక్కపోయును. తూర్పు పడమరలు రెండు ప్రక్కల గాలిదారి గల గదియే శ్రేష్ఠము. సముద్రము కనబడుచున్నదని చెప్పి అధికముగ అడుగువారికి ఇచ్చుటకు ముందు, మంచినీరు ఎచ్చటిదో, రాత్రివేళ కావలి యున్నదో లేదో, బయటి సంగీతపు హోరు గదిలోనికి వినబడునో లేదో విచారించుడు. కెరటపు ధ్వని అలవాటు లేనివారికి మొదటి రాత్రి నిద్ర పట్టకపోవచ్చును. రెండవ రాత్రికి అదియే జోలపాట యగును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయము. మన సముద్రము చూచుటకు సౌమ్యము, దిగుటకు కఠినము. ప్రతి వేసవిలో మన తీరమున యువజనులు నీటిపాలగుచున్న వార్తలను వినుచునే యున్నాము. వారిలో చాలమంది లోతునకు పోయినవారు కారు; మోకాటిలోతున నిలిచినవారే. కారణమేమనగా, కెరటములు ఒడ్డునకు తెచ్చి పోసిన నీరు తిరిగి పోవుటకు ఇసుకతిన్నెల నడుమ ఒక ఇరుకైన దారి చేసికొనును. ఆ దారిలో నీరు ఏటి వేగముతో లోనికి పారును. విచిత్రమేమనగా, ఆ చోట కెరటములు విరుగవు. నీరు నిశ్చలముగ, కొంచెము నల్లగ కనబడును. ఎఱుగనివారు ఇచ్చట సముద్రము శాంతముగ నున్నదని అచ్చటనే దిగుదురు. నదీముఖములయందు, రాళ్లగుట్టల ప్రక్కల ఇట్టి ప్రవాహములు తరచుగ ఏర్పడును. భీమిలిలో గోస్తని కలియు చోట దిగరాదని చెప్పుట ఇందుకే.

దైవవశమున అట్టి ప్రవాహమున చిక్కినచో దానికి ఎదురీదరాదు. ఎంతటి ఈతగాడైనను అలసిపోవును. ఆ ప్రవాహము మనిషిని దూరముగ తీసికొనిపోవును గాని క్రిందికి లాగదు. వెల్లకిల తేలియుండి, చేయి ఎత్తి, కేక వేయవలెను. ఈత వచ్చినవారు ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈది, కెరటములు విరుగుచున్న చోటు చేరిన పిమ్మట ఒడ్డునకు రావలెను. ఒడ్డుననున్నవారు వెంటనే తామును దూకరాదు. తేలు వస్తువేదైనను విసరి, బెస్తవారిని పిలిచి, 112కు ఫోను చేయవలెను. ఒకరిని రక్షింపబోయి ఇద్దరును పోయిన సంఘటనలు కలవు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము కెరటముల ఎత్తును గురించి ముందుగా సూచనలిచ్చుచున్నది. వాటికి తోడు, ఆ యూరి బెస్తవానిని "బాబూ, ఈ పూట నీరెట్లున్నది?" అని అడుగుడు. అతడు వద్దన్నచో వద్దు. జీవరక్షకులు కావలియుండు చోట, వారున్న వేళలోనే స్నానము చేయుడు. భర్త ధైర్యమును భార్యకు చూపుటకు సముద్రము తగిన వేదిక కాదు.

జనవరి నుండి మార్చి వరకు మన తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల నుండి వెలువడిన పిల్లలు వెలుగును చూచి దారి తెలిసికొనును. మన దీపములు వాటిని త్రోవ తప్పించును. కనుక రాత్రి ఒడ్డున నడచువారు దీపములార్పి, తాబేలు కనబడినచో దూరముననే నిలువవలెను.

చివరకు పెద్దలకొక మనవి. తేదీని, ఊరిని, గదిని ఎంచుటలో మీ అనుభవమును పిల్లలకు ధారాళముగ ఇండు. వారు బయలుదేరిన పిమ్మట మాత్రము ఉదయమొకసారి, రాత్రి యొకసారి క్షేమము తెలిసికొని ఊరకుండుడు. గంటగంటకు ఫోను మ్రోగుచుండగా ఎంతటి ప్రశాంతమైన తీరమైనను పెండ్లివారి విడిదియిల్లే యగును.