పాత కంప్యూటరు పోర్టు, పాత మాటల ఫైళ్లు

హోసూరు ప్రాంతపు తెలుగు మాటలు సేకరించి 1997లో ఎక్కించిన ఫైళ్లు మా విభాగంలో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరులో ఉన్నాయి. నిరుడు వేసవి సెలవుల తర్వాత తెరిస్తే యంత్రం లేచింది గాని, తెలుగు సాఫ్ట్‌వేరు మాత్రం తాళం కనబడలేదని ఆగిపోయింది. ఇటువంటి యంత్రాలు మీ కళాశాలల్లోనూ మూల పడి ఉండవచ్చు కనుక ఆ సంగతి వివరిస్తాను.

ఆ రోజుల్లో భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి అగ్గిపెట్టెంత తాళం బిళ్ల ఒకటి ఇచ్చేవారు. కంప్యూటరు వెనుక, ప్రింటరు తగిలించే 25 రంధ్రాల పారలల్ పోర్టుకు దాన్ని బిగించాలి. అది కనబడకపోతే ప్రోగ్రాము తెరుచుకోదు. ప్రోగ్రాము తెరుచుకోకపోతే ఫైళ్లు చదవలేం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మా ఫైళ్లు ఆ సాఫ్ట్‌వేరు సొంత సంకేతాల్లోనే ఉన్నాయి.

(పోర్టు అంటే ఇక్కడ ఓడరేవు కాదు. లాటిన్‌లో పోర్టుస్ అంటే రేవు, పోర్టా అంటే ద్వారం. కంప్యూటరు పోర్టు రెండో దాని సంతతి.)

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీనీ, పోర్టుల అమరికనూ గుర్తుంచుకునేది దాని బలంతోనే. మాది అయిపోయింది. గడియారం 1980కి పోయింది, పోర్టు అమరిక ఫ్యాక్టరీ నాటి స్థితికి పోయింది. ముందు బ్యాటరీ మార్చాలి. లేకపోతే మనం దిద్దినదంతా ప్లగ్గు తీయగానే మళ్లీ చెరిగిపోతుంది.

తరువాత, యంత్రం లేస్తున్నప్పుడే డిలీట్ మీట నొక్కితే (కొన్నింటిలో ఎఫ్2) సెటప్ తెర వస్తుంది. మా యంత్రంలో పోర్టుల వివరాలు ‘ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్’ కింద ఉన్నాయి. పోర్టును ‘డిసేబుల్డ్’ అని మూసి ఉంచలేదు గదా అని మొదట చూడండి. అడ్రసు 378, ఐఆర్‌క్యూ 7 అన్నవి మామూలు అమరిక. అడ్రసు ఇంటి నెంబరు వంటిది. ఆ 378 పదహారు అంకెల లెక్కలో రాసినది, మన లెక్కలో 888. ఐఆర్‌క్యూ వాకిట్లో గంట. రెండు పరికరాలకు ఒకే గంట ఉంటే ఎవరు పిలిచారో ప్రాసెసరుకు తెలియదు. సౌండు కార్డులు 5 గాని 7 గాని అడుగుతాయి, తగాదా తరచు అక్కడే. విండోస్ 98లో డివైస్ మేనేజరు పసుపు గుర్తుతో చూపిస్తుంది. సీరియల్ పోర్టుల్లోనూ ఇదే కథ: కామ్1, కామ్3 రెండింటికీ మామూలుగా 4వ గంటే.

మాకు అవన్నీ సరిగానే ఉన్నాయి. పద్ధతి మాత్రం ఈసీపీ అని ఉంది. అది వేగంగా పనిచేసే కొత్త ప్రింటర్ల కోసం వచ్చినది. పాత తాళాలకు కొన్నిటికి పడదు. ఎస్‌పీపీకి (కొన్నిచోట్ల ‘నార్మల్’ అని ఉంటుంది) మార్చి, భద్రపరచి బయటికి వచ్చాం. అయినా తాళం కనబడలేదు!

అరపూట వెతికాక తెలిసింది. తాళం వెనుక ప్రింటరు తీగ ఉంది, ప్రింటరు ఆపి ఉంది. ఆపిన ప్రింటరు తీగల్లోని వోల్టేజిని కిందికి లాగి తాళాన్ని కనబడకుండా చేయగలదు. ప్రింటరు స్విచ్చి వేశాం, ప్రోగ్రాము తెరుచుకుంది. (తీగ తీయాలన్నా, పెట్టాలన్నా ముందు కంప్యూటరూ ప్రింటరూ ఆపాలి, లేకపోతే పోర్టే కాలిపోవచ్చు.)

ఆ రోజే ఫైళ్లన్నిటినీ కాగితం మీద అచ్చు తీశాం. యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతున్నాయి. సరిచూసుకోవడానికి ఇప్పుడు ఆ కాగితాలే ఆధారం.