చిన్న గుర్తు, పెద్ద ఫలకము

పాలకుర్తి పేరు వినగానే తెలుగు చదువరులకు పాల్కురికి సోమనాథకవి స్మరణకు వచ్చును. ద్విపదకు కావ్యగౌరవము కలిగించిన ఆ మహాకవి పేరులో ఈ ఊరి పేరు నిలిచియున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 నుండి జనగామ జిల్లాకు చెందిన ఈ మండల కేంద్రమున కొండపై సోమేశ్వరస్వామియు, లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. మహాశివరాత్రి జాతరకు చుట్టుపట్ల పల్లెల జనము ఇచటికి తరలివచ్చును. జాతర జరుగు ఊళ్లన్నిటివలెనే ఇచటను ఆ దినములలో దారిపొడవున స్వాగత ఫలకములు కనబడును. విత్తనముల దుకాణము, పాఠశాల, వైద్యశాల, యువజన సంఘము, ఎవరి శక్తికొలది వారు ఒక ఫ్లెక్సీ కట్టింతురు.

అట్టి ఫలకములలో కొన్నింటి ముందు నిలిచి చూచినచో ఒక వింత తోచును. పెద్ద అక్షరములు నిగనిగలాడుచుండును. మనుష్యుల మొగములు తేటగా నుండును. ఫలకము కట్టించిన సంస్థ గుర్తు మాత్రము ఎండలో కరిగిన లక్కముద్రవలె అలుకుకొనిపోయి యుండును. ఎవరి పేరు నలుగురికి తెలియవలెనని సొమ్ము వెచ్చించిరో వారి గుర్తే గుర్తుపట్టరానిదై పోవుచున్నది. దీనికి కారణమేమి, నివారణమేమి అను విషయమును ఇచట విచారింతము. ఇది ముద్రాపకులకు మాత్రమే సంబంధించినది కాదు. వివాహమునకో, కొత్త దుకాణమునకో, సంఘపు వార్షికోత్సవమునకో ఫలకము చేయించు ప్రతి కుటుంబమునకును దీనితో పని కలదు.

వరంగల్లు కొత్తవాడ జంపఖానాలు ప్రసిద్ధములు. 2018లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. జంపఖానామీది నెమలిని దూరమునుండి చూచిన నెమలియే. వంగి చూచినచో మెడ వంపు వంపు కాదు, మెట్లుమెట్లుగా పేర్చిన రంగుదారముల వరుస. ఫోనులోని చిత్రమును ఇట్టిదే. అది చిన్నచిన్న రంగుగళ్ల అల్లిక. ఈ గళ్లనే పిక్సెళ్లందురు. చిత్రము పుట్టినప్పుడు ఎన్ని గళ్లున్నవో అందులోని సమాచారమంతయు అంతే.

ఒక దుకాణదారు తన ఫోనులోని చిన్న గుర్తును పంపినాడనుకొందము. దాని వెడల్పు 200 గళ్లు. దానిని ఫలకముమీద నాలుగడుగుల మేర, అనగా 48 అంగుళముల వెడల్పున పరచవలెను. అంగుళమునకు నాలుగు గళ్లు మాత్రమే వచ్చును. ఒక్కొక్క గడి పావు అంగుళమై, సెనగగింజంత పరిమాణమున కూర్చుండును. గుండ్రని గుర్తు అంచున రంపపు పళ్లు మొలచుట ఇందువలననే.

దూరమునుండి చూచువారికి ఇది తెలియునా అని కొందరు ప్రశ్నింతురు. దీనికి ఒక లెక్క కలదు. మానవనేత్రము సామాన్యముగా ఒక డిగ్రీలో అరువదవ భాగముకన్న చిన్నదగు ఎడమును విడదీసి చూడజాలదు. కావున చూచు దూరమును అంగుళములలో తీసికొని, 3,440 అను సంఖ్యను దానిచే భాగించినచో, అంగుళమునకు ఎన్ని గళ్లున్న కంటికి నునుపుగా తోచునో తెలియును. పది అడుగుల దూరమునకు 29 గళ్లు, ముప్పది అడుగులకు 10 గళ్లు చాలును. అడుగు దూరమున పట్టుకొని చదువు పుస్తకమునకు 300 వరకు కావలసివచ్చుటయు ఈ లెక్కననుసరించియే. మన దుకాణదారుని గుర్తులో నాలుగే కలవు. అది నునుపుగా కనబడుటకు డెబ్బది అడుగుల అవతలికి పోవలెను. జాతరలో నడచు మనుష్యుడు దానిని పది పదునైదడుగులలోనే చూచును.

గళ్లు తక్కువగుట ఒక దోషము. ఉన్న గళ్లు చెడుట మరియొక దోషము. ఫోటోలను కుదించుటకు 1992లో ప్రమాణముగా వెలువడిన జేపెగ్ పద్ధతి, నిలువున ఎనిమిది, అడ్డముగ ఎనిమిది గళ్లను ఒక కట్టగా తీసికొని, కంటికి అంతగా తెలియని వివరములను వదలివేయును. మొగములో ఈ నష్టము తెలియదు. ఏలయన చెక్కిలి రంగు మెల్లమెల్లగా మారును. లోగోలో ఎరుపు ముగిసినచోట తెలుపు తటాలున మొదలగును. ఆ అంచుచుట్టు ఈగలు ముసిరినట్లు మరకలు చేరును. వాట్సాపులో ఫోటోగా పంపునపుడు చిత్రము మరల కుదియును. తెరమీది దానిని వేరొక ఫోనుతో ఫోటో తీసి పంపినచో ఇంకను చెడును.

అట్లయిన దానిని యంత్రముచేతనే పెద్దది చేయింపరాదా? రేడియో కలవారికి దీని సమాధానము అనుభవములోనే కలదు. దూరపు కేంద్రము బలహీనముగా వినబడుచున్నప్పుడు మీట త్రిప్పి ధ్వని పెంచుదుము. మాటతోపాటు గరగరయు పెరుగును. వినబడని మాట ఎంత పెంచినను వినబడదు. చిత్రము సంగతియు అంతియే. పెంచుటవలన లేనిది రాదు, ఉన్న లోపము పెద్దదగును.

దీనికి మార్గము మన వాకిట ముగ్గులోనే కలదు. ఇల్లాలు ముగ్గు పెట్టునప్పుడు నిన్నటి ముగ్గును సాగదీయదు. ఇన్ని చుక్కలు, వాని నడుమ ఈ విధముగా తిరుగు గీత అను నియమము ఆమె మనస్సులో నుండును. గుమ్మము ముందు మూరెడు చోటున్న మూరెడు ముగ్గు, సంక్రాంతినాడు వీధి వెడల్పున వీధంత ముగ్గు. ఎంత పెద్దదైనను గీత నునుపు చెడదు. గళ్లకు బదులు నియమములతో చిత్రమును దాచు ఇట్టి పద్ధతిని వెక్టారు పద్ధతి యందురు. కొద్ది బిందువులతో నునుపైన వంపును నిర్ణయించు గణితమును 1960 ప్రాంతమున ఫ్రాన్సులోని కార్ల కర్మాగారములయందు, సిత్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియేర్ బెజియే, ఎవరికి వారే రూపొందించిరి. కారు పైరేకు వంపు కొరకు పుట్టిన ఆ గీతయే నేడు మన ఫ్లెక్సీ దుకాణములలో కోరల్ డ్రా తెరమీద తిరుగుచున్నది.

ఈ సత్యము మన గోడరాతల చిత్రకారులకు ఏనాడో తెలియును. చేతిలోని చిన్న బొమ్మపై చదరములు గీసి, గోడపై అన్నియే పెద్ద చదరములను రంగుదారముతో కొట్టి, ఒక్కొక్క చదరములోని గీతను చూచి అతడు గోడపై క్రొత్తగా గీయును. బొమ్మలో మరకయున్న మరకను గీయడు. తెగిన గీత ఎటు పోవలెనో ఊహించి కలుపును. సినిమా ఫలకములను చిత్రించినవారును ఇట్లే చేసిరి. ఫ్లెక్సీ వచ్చిన పిదప అనేకులు కుంచె విడిచిరి. వారితోపాటు, పెంచుట యనగా తిరిగి గీయుట అను జ్ఞానము కూడ దుకాణములనుండి జారిపోయినది. యంత్రములో ఒక మూలను పట్టి లాగినచో బొమ్మ పెద్దదగుచుండగా తిరిగి గీయవలసిన పనియేమని తోచుట సహజము. ఫలితము దారిప్రక్కన వ్రేలాడుచున్నది.

ఇక పని చేయవలసిన క్రమము. మొదటిది వెదకుట. మంచి మూలము దొరకినచో శ్రమ సగము తగ్గును. గుర్తును మొదట తయారుచేసిన డిజైనరు వద్ద, బిల్లు పుస్తకములు అచ్చువేసిన ముద్రణాలయమున, కోరల్ ఫైలో, పీడీఎఫ్ ఫైలో ఉండవచ్చును. బ్యాంకులు, పెద్ద కంపెనీలు ప్రకటించు వార్షిక నివేదికల పీడీఎఫ్‌లలో వారి గుర్తు తరచు వెక్టారు రూపముననే యుండును. ఐనను ఫైలు పేరు చూచి నమ్మరాదు. కోరల్ ఫైలులో ఫోటోను అతికించినంతమాత్రమున అది వెక్టారు కాదు. తెరపై పదునారు రెట్లు పెంచి చూడవలెను. అంచు కత్తిరించినట్లు నిలిచిన మంచిది, మెట్లుమెట్లుగా విరిగిన అది ఫోటోయే.

మూలము దొరకనిచో రెండవది గీయుట. అందుబాటులోనున్న ప్రతులలో ఉత్తమమైనదానిని అడుగున పరచి, కదలకుండ బిగించి, దానిపై గీయవలెను. పాత విజిటింగు కార్డును స్కానరుపై అంగుళమునకు 600 చొప్పున తీసినను చక్కని ఆధారమగును. ముందు వృత్తములు, చతురస్రములు గుర్తించి వానిని వానిగానే వేయవలెను. చేతితో దిద్దిన వృత్తము పెద్దదైన తరువాత గుమ్మడికాయ యగును. ఈ ప్రాంతమున వరంగల్లు కోటలోని కాకతీయ తోరణము గుర్తుగా గల సంస్థలు పెక్కు. 2014లో తెలంగాణ రాష్ట్రము స్వీకరించిన చిహ్నములోను అదే తోరణము కలదు. ఇట్టి సమరూపమైన గుర్తులను సగము మాత్రము గీసి, అద్దములో నీడవలె రెండవ సగమును త్రిప్పుట మేలు. రెండు స్తంభములును అప్పుడు సరిసమానముగ వచ్చును. వంపులకు బిందువులు ఎంత తక్కువైన గీత అంత నునుపు.

గీయు శ్రమ తప్పించుకొనుటకు యంత్రమే గీతలు పట్టు ఆటో ట్రేసు అను సాధనము కలదు. పెద్దది, శుభ్రమైనది, ఒకటి రెండు రంగులది యగు గుర్తుకు అది ఉపకరించును. అలుకుకొనిన చిన్న గుర్తునకు అది మరకలను కూడ గుర్తులో భాగమనుకొని, చీమలబారువలె వేల బిందువులతో మరకనే గీయును. తెలుగు అక్షరములలో ఈ ప్రమాదము మిక్కుటము. ద కారమునకు, ధ కారమునకు భేదము క్రింది చిన్న గీత మాత్రమే. గుడికి, గుడిదీర్ఘమునకు భేదము చివరి చిన్న మెలిక. ర కారమునకు, ఠ కారమునకు నడుమ భేదము ఒక చుక్క. ఇంగ్లీషు అక్షరము కొంత అరిగినను అక్షరముగానే నిలుచును. మన అక్షరము అరిగిన వేరొక అక్షరమగును. ధనలక్ష్మి దనలక్ష్మి యగుటకు గోరంత గీత చాలును. కృత్రిమ మేధతో చిత్రములను పెంచు నేటి సాధనములును ఈ విషయమున నమ్మదగినవి కావు. అవి లేనిదానిని ఊహించి నింపును. చెట్టు ఆకులను ఊహించినను నష్టము లేదు. యజమాని పేరును ఊహించుట తగదు. కావున అక్షరములను చిత్రమునుండి పట్టక, సరియైన ఫాంటుతో తిరిగి కూర్చుటయో, చేత గీయుటయో ఉత్తమము.

కూర్చిన అక్షరములను పలుమారు చదివి సరిచూచిన పిదప వానిని గీతలుగా, దుకాణపు భాషలో కర్వులుగా, మార్చి పంపవలెను. తెలుగునాట చిరకాలముగ వాడుకలోనున్న అను ఫాంట్లవంటివి యూనికోడుకు భిన్నమైన పద్ధతివి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరచినచో తెలుగు పేరునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు ప్రత్యక్షమగును. డిజైను చేయు ఊరొకటి, ముద్రించు ఊరొకటి యగుచోట ఈ జాగ్రత్త తప్పనిసరి.

రంగుల సంగతి క్లుప్తముగ. తెరమీది రంగులు మూడు కాంతుల కలయిక, యంత్రము చల్లునవి నాలుగు సిరాలు. తెరపై మిరుమిట్లు గొలుపు ఆకుపచ్చ, నీలము ఫ్లెక్సీపై కొంత మందగించును. జేపెగ్ చిత్రమునకు పారదర్శకత లేనందున, పసుపు ఫలకముపై దానిని పెట్టినచో చుట్టు తెల్లని పెట్టె మిగులును. తిరిగి గీసిన గుర్తునకు ఈ బాధ లేదు. సన్నని గీతల విషయమున ముందు చెప్పిన నేత్రపు లెక్కయే ప్రమాణము. ముప్పది అడుగుల నుండి కనబడవలసిన గీత మూడు మిల్లీమీటర్లకు తగ్గరాదు, అంతకు రెట్టింపున్న ఇంకను మంచిది.

చివరిది సమ్మతి. తిరిగి గీయుట యనగా మార్చుట కాదు. గుర్తు యజమానిది. 1999 నాటి వ్యాపార చిహ్నముల చట్టము క్రింద నమోదైనది కూడ కావచ్చును. దీపము కోణము, శంఖము తిరిగిన దిక్కు ఉన్నవి ఉన్నట్లే యుండవలెను. క్రొత్త గీతను పాత చిత్రముపై పరచి ఇద్దరును కలిసి చూచి, గుర్తులోని ఒక చిన్న భాగమును ముద్రించు కొలతలోనే కాగితముపై తీసి, నాలుగు గజముల దూరమున గోడకు అంటించి పరీక్షించుట శ్రేష్ఠము. గోడపై వ్రాత తప్పిన సున్నము కొట్టి దిద్దుదురు. ఫ్లెక్సీపై తప్పు పడిన దిద్దుటకు వీలులేదు. సొమ్ము పోవును, ప్లాస్టిక్ గుడ్డ చెత్తలో చేరును.

ఫలకము చేయించు కుటుంబములు చేయదగిన పని స్వల్పము. గుర్తును ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపవలెను. పేరును తెలుగున స్పష్టముగ వ్రాసి వేరుగా ఇవ్వవలెను. జాతర ముందునాటి సాయంకాలమున గాక రెండు దినములు ముందుగా పోవలెను. గుర్తును గీయుటకు పట్టు ఒక పూట శ్రమకు డిజైనరు అడుగు కూలిని వ్యర్థమని తలపరాదు. ఒకమారు గీసిన గుర్తు పీడీఎఫ్ రూపమున మీ వద్ద భద్రముగ నుండును. రేపు బిల్లు పుస్తకముపై అంగుళమంత వేసినను, ఎల్లుండి భవనముపై ఇరువది అడుగులు వేసినను అది చెడదు.