ఉడికించిన గుడ్లు మిగిలిపోయాయా..? ఏవి తినొచ్చు, ఏవి పడేయాలి.. రూమ్‌లోనే ఈజీగా చేసుకునే 5 ఐటమ్స్ ఇవే!

ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల రూమ్ తీసుకుని చదువుకునేవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. పొద్దున్నే నలుగురికీ కలిపి ఓ పది గుడ్లు ఉడకబెడతారు. ఒకరు తినకుండానే లైబ్రరీకి పరిగెడతారు. ఇంకొకరు తార్నాకలో టిఫిన్ చేసేస్తారు. సాయంత్రం వచ్చి చూస్తే గిన్నెలో నాలుగు గుడ్లు అలాగే ఉంటాయి. మరి తినాలా? పారేయాలా? ఇది తేల్చాల్సింది గడియారం!

రెండు గంటల రూల్

పచ్చి గుడ్డు పెంకు మీద సహజంగానే ఓ పల్చని పొర ఉంటుంది. లోపలికి సూక్ష్మక్రిములు వెళ్లకుండా అది అడ్డుకుంటుంది. ఉడకబెడితే ఆ రక్షణ పోతుంది. అందుకే పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డే త్వరగా పాడవుతుంది.

ఉడికించిన గుడ్డును రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఎండాకాలంలో, అంటే 32 డిగ్రీలు దాటితే, గంటే టైమ్. పెంకుతో సహా ఫ్రిజ్‌లో పెడితే వారం వరకు వాడుకోవచ్చు. పెంకు తీసేస్తే మూత ఉన్న డబ్బాలో పెట్టి ఆ రోజే తినేయడం బెటర్.

మళ్లీ వేడి చేస్తే చాలా..?

చాలామంది చేసే పొరపాటు ఇదే. ఆహారం బయట ఉన్నప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా విషపదార్థాన్ని తయారు చేస్తాయి. వేడికి బ్యాక్టీరియా చచ్చినా, ఆ విషం పోదు. కాబట్టి పొద్దుటి నుంచి బయటే ఉన్న ఆ నాలుగు గుడ్లూ పడేయాల్సిందే. వాసన తేడాగా ఉన్నా, జిగురుగా అనిపించినా అంతే. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రింగు కనిపిస్తే మాత్రం భయపడక్కర్లేదు. ఎక్కువసేపు ఉడికినప్పుడు ఇనుము, గంధకం కలిసి ఆ రంగు వస్తుంది. హాని లేదు.

టైమ్‌కి ఫ్రిజ్‌లో పెట్టారా? అయితే ఇవి ట్రై చేయండి..

1. ఎగ్ చాట్: స్టవ్ లేనివాళ్లకి బెస్ట్. గుడ్డును ముక్కలు చేసి ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, కారం వేసి నిమ్మకాయ పిండితే చాలు.

2. పెరుగు ఎగ్ శాండ్‌విచ్: గుడ్డు మెదిపి, నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు, మిరియాల పొడి, ఉప్పు కలిపి బ్రెడ్‌కి రాయండి. అచ్చం మయోనీజ్‌లా ఉంటుంది. ఫుడ్ పాయిజనింగ్ ఘటనల తర్వాత పచ్చి గుడ్లతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది గుర్తుందిగా? ఇందులో పచ్చి గుడ్డు ఉండదు.

3. వెల్లుల్లి కారం వేపుడు: వెల్లుల్లి, జీలకర్ర, ఎండుకారం, ఉప్పు కచ్చాపచ్చాగా దంచండి. నూనెలో కరివేపాకు వేసి, గుడ్లు రెండు ముక్కలు చేసి వేయించి, చివర్లో ఈ కారం చల్లండి. వేడన్నంలోకి అదిరిపోతుంది.

4. గుడ్డు పులుసు: ఉల్లిపాయ, టమాటా మగ్గాక చింతపండు రసం పోసి మరిగించండి. గుడ్లకు గాట్లు పెట్టి పది నిమిషాలు ఉడకనివ్వండి. గాట్లు పెడితే పులుసు లోపలికి పడుతుంది.

5. ఎగ్ బజ్జీ: గుడ్డును సగానికి కోసి, శనగపిండి జారులో ముంచి నూనెలో వేయించండి. సాయంత్రం చాయ్‌తో సూపర్ కాంబినేషన్.

ఒక్క జాగ్రత్త.. ఉడికించిన గుడ్డును కోయకుండా మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. లోపల ఆవిరి పెరిగి పేలిపోతుంది. బయటకు తీశాక, కొరికినప్పుడు పేలే ప్రమాదం కూడా ఉంది.

గుడ్డును తేలిగ్గా తీసుకోవద్దు

ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అది కూడా శరీరానికి బాగా ఒంటబట్టే ప్రొటీన్. ఓయూ క్యాంపస్ పక్కనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 1958లో కూనూర్ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. ఐసీఎంఆర్‌తో కలిసి ఈ సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని సూచించింది. జిమ్‌కి వెళ్తూ పౌడర్ డబ్బాల మీద వేలకు వేలు పోసే కుర్రాళ్లు ఆలోచించాల్సిన మాటే ఇది.

నెలాఖరులో జేబు ఖాళీ అయినప్పుడు ఆదుకునేది గుడ్డే. దాన్ని పారేసే పరిస్థితి రాకూడదంటే ఒక్కటే అలవాటు చేసుకోండి. తినగా మిగిలినవి అక్కడే వదిలేయకుండా, రూమ్ నుంచి బయటికి వెళ్లే ముందే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ లేదా? అయితే ఎంతమంది తింటారో ముందే అడిగి, అన్నే ఉడకబెట్టండి!