కంప్యూటర్ ముందు కూర్చుంటే కళ్లు, మెడ ఎందుకు నొప్పి పుడతాయి?

కదలకుండా కూర్చుని చేసే పనికి అలసట దేనికి?

దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంట్లోని సిలియరీ కండరం బిగుసుకుని, కటకాన్ని ఉబ్బేలా చేస్తుంది. గంటలకొద్దీ తెరనే చూస్తుంటే ఆ కండరానికి విశ్రాంతి దొరకదు. పైగా మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా ఆర్పే రెప్పలను తెర ముందు బాగా తక్కువసార్లు ఆర్పుతాం. దాంతో కన్నీటి పొర ఆరిపోయి కళ్లు మండుతాయి.

మరి మెడ? పెద్దవాళ్ల తల బరువు దాదాపు 5 కిలోలు. తల ముందుకు వంగిన కొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని మరింత గట్టిగా లాగిపట్టుకోవాలి.

ఏం చేయాలి? ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడాలి. తెర చేయి చాపినంత దూరంలో, దాని పై అంచు కళ్ల ఎత్తులో ఉండాలి. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేస్తే బిగుసుకున్న కండరాలు వదులవుతాయి.