స్టేటస్ పెట్టేశా... తర్వాత డిలీట్ చేశా!

"ఏంటమ్మా, నీ చుక్క ఎలా ఉందివాళ?" ఫోన్ ఎత్తగానే అమ్మ అడిగేది ఇదే. 'తిన్నావా' అన్నది ఆ తర్వాతే!

నా పీహెచ్‌డీ అంతా ఆ చుక్క మీదే. చూడ్డానికి నక్షత్రంలా ఉంటుంది కానీ కాదు, బ్లేజార్. అంటే, కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఓ గెలాక్సీ నడిమధ్య ఉన్న భారీ కృష్ణబిలం. చుట్టూ ఉన్న పదార్థాన్ని మింగుతూనే, కొంత పదార్థాన్ని దాదాపు కాంతివేగంతో ధారలా చిమ్ముతుంది. ఆ ధార మనవైపే తిరిగి ఉంటే అది బ్లేజార్. చీకట్లో ఎవరో సరిగ్గా మన మొహానికే టార్చి కొట్టినట్టన్నమాట!

ఈ టార్చి నిలకడగా వెలగదు. 2006 జులైలో 'పీకేఎస్ 2155-304' అనే బ్లేజార్ గామా కిరణాల్లో నిమిషాల వ్యవధిలోనే వెలుగు మార్చేసింది. నమీబియాలోని హెస్ టెలిస్కోపులు దాన్ని పట్టేశాయి. మాకు కావాల్సింది అదే. వెలుగు ఎంత త్వరగా మారితే, అది పుట్టే చోటు అంత చిన్నదని అర్థం. టెలిస్కోపు ఫొటో తీయలేని చోటుని మేం గడియారంతో కొలుస్తాం!

అయితే ఒక రకం వెలుగు చూస్తే సరిపోదు. ధారలోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతుంటే రేడియో తరంగాలూ, మామూలు వెలుగూ వస్తాయి. గామా కిరణాలూ వాటి వల్లేనా? రెండూ ఒకేసారి పెరిగితే 'అవును' అనడానికి ఓ ఆధారం దొరికినట్టే. అందుకే 2008లో వెళ్లిన ఫెర్మీ ఆకాశమంతా సుమారు 3 గంటలకోసారి జల్లెడ పడుతుంటుంది. 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ అతినీలలోహిత, ఎక్స్ కిరణాల్ని ఒకేసారి చూసేలా తయారైంది.

ఇక నా కథ. ఆరేళ్ల డేటా గ్రాఫ్ గీస్తే ఏడాదిన్నరకోసారి ఓ శిఖరం. మొత్తం నాలుగు! గుండె ఆగినంత పనైంది. 'నా చుక్కకి నాడి దొరికింది' అని వాట్సాప్ స్టేటస్ పెట్టేశా. అమ్మ వీధంతా చెప్పేసింది.

మా గైడ్ మాత్రం గ్రాఫ్ చూసి, "ముందు ఉత్తుత్తి బ్లేజార్లు చేసి చూడమ్మా" అన్నారు. ఏ క్రమమూ లేకుండా ఎగిసిపడే వెయ్యి గ్రాఫుల్ని కంప్యూటర్‌తో తయారుచేశా. వందకు పైగా వాటిలో అదే 'నాడి' కనిపించింది! బీచ్‌లో నాలుగు అలలు లెక్కపెట్టి, ఐదోది ఎప్పుడొస్తుందో చెప్పేసినట్టుంది నా పని. పైగా వానాకాలం మబ్బుల వల్ల ఏటా డేటాలో పడే ఖాళీలొకటి.

స్టేటస్ తీసేశా. రెండ్రోజులు అమ్మకి ఫోన్ చేయలేదు.

పెద్దవాళ్లకీ ఇది తప్పదని తర్వాత తెలిసింది. 'ఓజే 287' అనే బ్లేజార్ సుమారు 12 ఏళ్లకోసారి భగ్గుమంటుంది. దాని పాత ఫొటోలు 19వ శతాబ్దం చివరి నుంచే ఉన్నాయి. అక్కడ రెండు కృష్ణబిలాలు ఉన్నాయని కొందరి లెక్క. ఆ లెక్క ప్రకారం 2019 జులై 31న రావాల్సిన మెరుపు కొన్ని గంటల తేడాతో వచ్చేసింది. స్పిట్జర్ టెలిస్కోపు చూసింది. అదే 2022 అక్టోబరుకి అనుకున్న మెరుపు మాత్రం గాలించినా కనిపించలేదు. ఆ వాదన ఇంకా తేలలేదు.

చివరికి అమ్మకి ఫోన్ చేసి చెప్పా. కాసేపు ఆగి, "చుక్క ఏమీ అబద్ధమాడలేదుగా తల్లీ, నువ్వే తొందరపడ్డావు. ఇంతకీ తిన్నావా?" అంది.

ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో మేడెక్కితే పెద్దవాళ్లని పుష్యమి చూపించమనండి. ఓజే 287 ఉండేది ఆ పక్కనే. కంటికి కనిపించదు. కానీ మేం కాపలా కాసేది అటువైపే!